గ్యారేజ్ తలుపుకు ఏ మోటారు? ముందు తలుపును చూడండి

గ్యారేజ్ తలుపుకు మోటారు పెట్టించాలని వెతకడం మొదలుపెడితే ముందుగా కళ్లకు కనిపించేది హార్స్‌పవర్. అర, ముప్పావు, ఒకటి, ఒకటింబావు అంటూ వరసగా ఉంటాయి. పెద్ద అంకె ఉన్నది తీసుకుంటే గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో వేసుకోవాలి. ఎందుకంటే తలుపు బరువు మోసేది మోటారు కాదు, స్ప్రింగు.

రెండు కార్లు పట్టే వెడల్పాటి స్టీలు తలుపు సుమారు 60 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. గట్టి చెక్కతో చేసినదైతే 150 కిలోలు కూడా దాటొచ్చు. అయినా స్ప్రింగులు సరిగ్గా ఉన్న తలుపును పెద్దవాళ్లెవరైనా ఒక్క చేత్తో ఎత్తగలరు. తలుపు కిందికి దిగేటప్పుడు స్ప్రింగు బిగుసుకుని బలం కూడగట్టుకుంటుంది, పైకి వెళ్లేటప్పుడు ఆ బలాన్ని తిరిగి ఇస్తుంది. త్రాసులో రెండు పళ్లేలూ సమంగా ఉన్నప్పుడు వేలితో తాకినా కదులుతాయి చూశారా, తలుపు విషయంలో మోటారు చేసే పని ఆ వేలి పనే. స్ప్రింగు సడలిన తలుపుకు ఎంత పెద్ద మోటారు పెట్టినా అది కొన్నాళ్లు మూలుగుతూ లాగి, చివరికి తన పళ్ల చక్రాలనే అరగదీసుకుంటుంది.

## కొనే ముందు తలుపుకు ఒక పరీక్ష

ఇప్పటికే మోటారు ఉంటే తలుపును పూర్తిగా మూసి, పైనుంచి వేలాడే ఎర్ర తాడు లాగండి. మోటారుకూ తలుపుకూ లంకె తెగుతుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఆ తాడు ముట్టుకోవద్దు. స్ప్రింగు విరిగి ఉంటే తలుపు మొత్తం ధడేలున కిందపడుతుంది.

ఇప్పుడు తలుపును చేత్తో నడుము ఎత్తు దాకా లేపి వదలండి. ఉన్నచోటే నిలబడిందా, లేక కాస్తే కదిలిందా, అయితే బ్యాలెన్స్ బాగుంది. జారి కింద పడుతుంటే స్ప్రింగు బలహీనపడింది. దానంతటదే పైకి పోతుంటే మరీ బిగుతుగా ఉంది. మధ్యలో ఎక్కడో గరగరమని పట్టేస్తుంటే తలుపు పక్కలుండే చిన్న చక్రాలు (రోలర్లు) గానీ, అవి నడిచే ట్రాక్ గానీ చెడింది. వీటిలో ఏది ఉన్నా ముందు తలుపు బాగు చేయించి, తర్వాతే మోటారు గురించి ఆలోచించండి. మామూలు స్ప్రింగులు దాదాపు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్లకు కాస్త తక్కువ. తలుపు వయసు అంతకు దగ్గరపడితే, రెండు పనులూ ఒకేసారి చేయించుకోవడం తెలివైన పని.

ఇంకో మాట. ఈ వ్యాసమంతా పలకలు పలకలుగా మడిచి పైకప్పు కిందికి జరిగే తలుపుల గురించి. మీది చుట్ట చుట్టుకునే రోలింగ్ షట్టర్ అయితే దానికి గొట్టం లోపల కూర్చునే మోటారో, పక్కన బిగించే మోటారో కావాలి, అది పూర్తిగా వేరే సరుకు. ఒకే పలకగా పైకి లేచే తలుపుకు కిందచెప్పిన వాటిలో కొన్నే పనికొస్తాయి, అది కూడా ప్రత్యేకమైన చేయి బిగిస్తేనే.

## టేపు పట్టుకుని చూడాల్సినవి

తలుపు పైకి వెళ్లేటప్పుడు దాని పై అంచు కాస్త వంపు తిరిగి అత్యంత ఎత్తుకు చేరే చోటు ఒకటుంటుంది. అక్కడి నుంచి పైకప్పుకు ఎంత ఖాళీ ఉందో కొలవండి. పైకప్పుకు వేలాడే మోటార్లకు సాధారణంగా కనీసం 2 అంగుళాలు కావాలి. తలుపు ఎత్తు కూడా రాసుకోండి. పెట్టెలో వచ్చే రెయిల్ చాలావరకు 7 అడుగుల తలుపుకు సరిపోయేది. 8 అడుగుల తలుపుకు పొడవు రెయిల్ గానీ అదనపు ముక్క గానీ విడిగా కొనాలి.

తర్వాత స్ప్రింగు రకం. తలుపు పైన గోడ పొడవునా ఒక కడ్డీ, దానికి చుట్టుకుని ఉన్న స్ప్రింగు కనిపిస్తే అది టోర్షన్. రెండు పక్కలా ట్రాక్‌ల వెంబడి పొడవుగా సాగే స్ప్రింగులు ఉంటే అవి ఎక్స్‌టెన్షన్. టోర్షన్ ఉంటేనే పనిచేసే, గోడకు బిగించే మోటారును ఈ తేడా తెలియకుండా కొని, వెనక్కి పంపినవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక గ్యారేజ్ పైన ఏముంది, పక్కన ఏముంది? పడకగది ఉంటే చప్పుడు పెద్ద విషయం. ఇంటికి దూరంగా విడిగా కట్టిన గ్యారేజ్ అయితే చప్పుడు గురించి మాట్లాడుకోవడమే అనవసరం. ప్లగ్ పాయింట్ ఎక్కడుందో, గ్యారేజ్‌లోకి వెళ్లడానికి ఇంకో తలుపు ఉందో లేదో కూడా చూసుకోండి. ఆ ఇంకో తలుపు సంగతి ఎందుకో కరెంటు దగ్గర చెబుతాను.

## నాలుగు రకాలు, ఒకే చూపులో

| | చెయిన్ | బెల్టు | స్క్రూ | గోడ మోటారు |
|---|---|---|---|---|
| చప్పుడు | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | అన్నిటికన్నా తక్కువ |
| ధర | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ |
| సంరక్షణ | బిగుతు సరిచేయాలి, గ్రీజు | దాదాపు ఏమీ లేదు | గ్రీజు తప్పనిసరి | కేబుళ్ల మీద కన్ను |
| పైకప్పు దగ్గర చోటు | కావాలి | కావాలి | కావాలి | అక్కర్లేదు |
| స్ప్రింగు | ఏదైనా | ఏదైనా | ఏదైనా | టోర్షన్ మాత్రమే |
| సొంతంగా బిగించడం | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది | అనుభవం ఉంటేనే |

## చెయిన్

మోటారు పైకప్పుకు వేలాడుతుంది. ముందుకు సాగే రెయిల్ మీద సైకిల్ చెయిన్ లాంటి గొలుసు ఒక బండిని లాగుతుంది, ఆ బండి తలుపును లాగుతుంది. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి కాబట్టి విడి భాగాలు సులువుగా దొరుకుతాయి, బాగు చేసేవాళ్లూ దొరుకుతారు. బరువైన తలుపుకు బెదరదు.

చప్పుడే దీని చిక్కు. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు ఒకటైతే, ఆ అదురు పైకప్పు దూలాల గుండా పై గదికి పాకడం ఇంకొకటి. ఆ రెండోదాన్ని కొంతవరకు తగ్గించొచ్చు. మోటారుకూ దూలానికీ మధ్య రబ్బరు దిమ్మలు పెడితే తేడా బాగా తెలుస్తుంది. వాడే కొద్దీ గొలుసు సాగుతుంది, ఏడాదికోసారి బిగుతు చూసుకోవాలి. మరీ బిగించేస్తే మాత్రం లోపలి పళ్ల చక్రానికి ముప్పు.

## బెల్టు

పనితీరు అచ్చం చెయిన్ లాంటిదే, గొలుసు బదులు లోపల స్టీలు తీగలో గ్లాస్ ఫైబరో ఉన్న రబ్బరు బెల్టు. తెగిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు, ఇంటి వాడకానికి అది సరిపడా గట్టిది. బెల్టుకు నూనె, గ్రీజు వద్దు. రాస్తే జారుతుంది, రబ్బరూ పాడవుతుంది.

ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజ్ గలవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. చెయిన్‌కూ దీనికీ ధరలో ఉండే తేడా, తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరే మనిషి ఒకరున్నా వసూలైపోతుంది.

కానీ ఒక హెచ్చరిక. బెల్టు మోటారు పెట్టించాక కూడా చప్పుడు తగ్గలేదని చాలామంది వాపోతారు. అక్కడ అరిచేది తలుపే. అరిగిన ఇనుప రోలర్లు, ఎండిపోయిన కీళ్లు, వదులైన బోల్టులు ఉంటే మోటారు ఎంత మెత్తగా నడిచినా లాభం లేదు. బేరింగు ఉన్న నైలాన్ రోలర్లు వేయించి, కీళ్లకు సిలికాన్ స్ప్రే కొట్టి చూడండి. ఒక్కోసారి ఆ తర్వాత పాత చెయిన్ మోటారే పర్వాలేదనిపిస్తుంది, కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

## స్క్రూ

పొడవాటి మరల కడ్డీ తిరుగుతుంటే దాని మీద బండి ముందుకూ వెనక్కూ నడుస్తుంది. భాగాలు తక్కువ, వేగం బాగుంటుంది. అయితే చలికీ ఎండకీ మధ్య తేడా ఎక్కువగా ఉండే చోట పాత రకాలు ఇబ్బంది పెట్టాయి. గ్రీజు గట్టిపడితే మోటారు మొరాయిస్తుంది. ఇప్పుడు మార్కెట్లో దీని రకాలు తగ్గిపోతున్నాయి, అంటే రేపు భాగం కావాలంటే వెతుక్కోవాలి. ప్రత్యేకమైన కారణం లేకపోతే దీన్ని వదిలేయొచ్చు.

యూరప్ తయారీల్లో ఇంకో పద్ధతి ఉంది. గొలుసు రెయిల్‌లో కదలకుండా పడి ఉంటుంది, మోటారే దాని మీద ప్రయాణిస్తుంది. కదిలే భాగాలు బాగా తక్కువ కాబట్టి చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ. మీకు దొరికి, బాగుచేసే మనిషి కూడా దగ్గర్లో ఉంటే బెల్టుకు దీటుగా చూడొచ్చు.

## గోడ మోటారు

ఇది పైకప్పు జోలికే పోదు. తలుపు పక్కన గోడకు బిగించి, టోర్షన్ స్ప్రింగు ఉన్న కడ్డీనే నేరుగా తిప్పుతుంది. పైకప్పు మరీ ఎత్తుగానో, ఏటవాలుగానో ఉన్న గ్యారేజ్‌లకు, పైన సామాన్లు పెట్టుకునే అటక కావాలనుకునేవారికి, కారును లిఫ్ట్ మీద ఎత్తి పెట్టుకునేవారికి ఇది వరం. అదురు పైకప్పులోకి పోదు కాబట్టి పై గదిలో నిద్రపోయేవారికి తెలియను కూడా తెలియదు. చాలా మోడళ్లకు తలుపు మూసుకోగానే దానంతటదే పడే గడియ తోడుగా వస్తుంది, దొంగలకు అది మంచి అడ్డు.

ఇంత బాగుంటే అందరూ ఇదే ఎందుకు కొనరు? ధర ఒక్కటే కాదు కారణం. రెయిల్ మోటారు తలుపును పైకి లాగగలదు, కిందికి నెట్టగలదు. గోడ మోటారు కిందికి నెట్టలేదు. తలుపును ఎత్తి పట్టుకునే ఉక్కు తాడును, అంటే కేబుల్‌ను, వదులుతూ పోతుంది, తలుపు తన బరువుతో తానే దిగాలి. దారిలో ఎక్కడైనా తలుపు పట్టేస్తే కేబుల్ వదులై, అది చుట్టుకునే డ్రమ్ము మీద నుంచి జారిపోతుంది, అప్పుడు తలుపు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే కేబుల్ బిగుతును కనిపెట్టే పరికరం దీంతో పాటు ఇస్తారు, దాన్ని బిగించకుండా వదిలేయకూడదు. సరిగ్గా బ్యాలెన్స్ లేని తలుపును రెయిల్ మోటారు కొన్నాళ్లు సర్దుకుపోతుంది, గోడ మోటారు సర్దుకోదు. పైకప్పు బాగా కిందికి ఉండి స్ప్రింగును ట్రాక్‌ల వెనక్కి బిగించిన తలుపైతే కొనేముందు తయారీదారు పత్రంలో ఆ అమరికకు ఒప్పుకున్నారో లేదో చూసి తీరాలి. కడ్డీ చివర పక్క గోడ దాకా మోటారు పట్టేంత చోటు, దగ్గర్లో ప్లగ్ ఉండాలి. లైటు విడిగా పైకప్పుకు పెట్టుకోవాలి.

## హార్స్‌పవర్ సంగతి

ఇక ఆ అంకెలు. బ్యాలెన్స్ బాగున్న ఒక కారు తలుపుకు అర హార్స్‌పవర్ హాయిగా చాలు. రెండు కార్ల వెడల్పు, లోపల వేడి ఆపే పొర ఉన్న తలుపుకు ముప్పావు తీసుకోవచ్చు. బరువైన చెక్క తలుపుకో, గాలి బాగా తోసే చోట పెద్ద తలుపుకో అంతకు మించి వెళ్లడంలో అర్థముంది. యూరప్ మోడళ్ల మీద హార్స్‌పవర్ బదులు న్యూటన్లలో లాగే బలం ఉంటుంది. 600 అంటే చిన్న తలుపు, 800 నుంచి 1000 అంటే పెద్ద తలుపు అనుకుంటే చాలు. డీసీ మోటార్ల పెట్టెల మీద “ఇంత హార్స్‌పవర్‌కు సమానం” అని రాసే అంకెను కంపెనీకీ కంపెనీకీ పోల్చవద్దు.

ఏసీనా డీసీనా అన్నది నిజానికి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. ఏసీ మోటారు మొదలైనప్పుడే పూర్తి వేగంతో తలుపును గుంజుతుంది, ఆగేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆగుతుంది. డీసీ మోటారు నెమ్మదిగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, చివర్లో మళ్లీ మెల్లగా దిగుతుంది. చప్పుడు తగ్గుతుంది, తలుపు కీళ్ల మీద దెబ్బ తగ్గుతుంది, బ్యాటరీతో నడపడం సులువవుతుంది. పాత ఏసీ చెయిన్ మోటార్ల మొండితనానికి పేరుంది, నిజమే. అయినా ఇంటికి ఇప్పుడు కొత్తగా కొంటే డీసీ వైపే మొగ్గు చూపుతాను.

## భద్రత దగ్గర బేరం వద్దు

కారు పోయాక పిల్లలో కుక్కపిల్లో తలుపు కింద ఉంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు రెండు అంచెల జవాబు ఉండాలి. మొదటిది, తలుపు ఇరువైపులా కింద బిగించే సెన్సర్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి కంటికి కనిపించని కిరణం వెళ్తుంది, దాన్ని ఏదైనా అడ్డితే తలుపు మళ్లీ పైకి పోతుంది. నేల నుంచి 6 అంగుళాలు మించని ఎత్తులో ఉంటేనే పాకే పిల్లను అది చూడగలదు. రెండోది, తలుపు దేనికైనా తగిలితే వెనక్కి తిరగడం.

అమెరికాలో 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇంటి గ్యారేజ్ మోటార్లన్నిటికీ ఇలాంటి రక్షణ ఉండాలని చట్టం. తలుపు అడ్డంకికి తగిలిన 2 సెకన్లలోపు వెనక్కి తిరగాలి. యూరప్ ప్రమాణం తలుపు నొక్కే బలాన్నే 400 న్యూటన్లకు పరిమితం చేసి, అది కూడా 0.75 సెకను లోపల బాగా తగ్గిపోవాలంటుంది. కొనే మోటారు ఈ రెండింటిలో ఒక ప్రమాణాన్ని పాటిస్తున్నట్టు రాసి ఉండాలి. రాయని చవక సరుకు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

బిగించాక పరీక్ష మీ చేతిలో పని. అంగుళంన్నర మందం ఉన్న చెక్కను తలుపు కింద నేల మీద పడుకోబెట్టి తలుపు మూయండి. చెక్కకు తగిలి తిరిగి పైకి పోవాలి. నొక్కిపట్టి ఆగిపోతే బలం ఎక్కువ పెట్టారన్నమాట, వెంటనే సరిచేయించాలి. నెలకోసారి ఈ పరీక్ష చేయడం మంచిది. గోడ బటన్‌ను పిల్లలకు అందకుండా నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తున పెట్టించండి.

## కరెంటు పోతే

గ్యారేజ్‌లోకి ఇంకో తలుపు ఉంటే పెద్ద సమస్య లేదు. లోపలికి వెళ్లి ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తుకోవచ్చు. వేరే తలుపు లేకపోతే బయట ఉండి లోపల కారు చూస్తూ కూర్చోవడమే. అలాంటి గ్యారేజ్‌కు బయటి నుంచి తాళంచెవితో తాడు లాగే ఏర్పాటు తప్పనిసరి, అది ఖరీదైనది కాదు.

బ్యాటరీ ఉన్న మోటారు తీసుకోవడం రెండో మార్గం. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చుల సమయంలో కరెంటు పోయి, గ్యారేజ్ తలుపులు ఎత్తలేక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ చట్టం తెచ్చి, 2019 జూలై 1 నుంచి అమ్మే, బిగించే ప్రతి ఇంటి గ్యారేజ్ మోటారుకూ బ్యాటరీ ఉండాలన్నారు. చేత్తో తలుపు ఎత్తడం పెద్దవాళ్లకో, చేతుల్లో బలం లేనివాళ్లకో ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ చట్టం అర్థమవుతుంది. ఇంట్లో అలాంటివాళ్లున్నా, మీ ప్రాంతంలో కరెంటు తరచూ పోతున్నా బ్యాటరీ లేని మోటారు చూడనే వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది, మార్చే ఖర్చు ఉంటుంది. కొనేటప్పుడే అది విడిగా దొరికే మామూలు సైజేనా అని అడగండి.

## రిమోట్, దొంగ

పాత రిమోట్లలో చిన్న చిన్న మీటలు పైకో కిందికో జరిపి కోడ్ పెట్టేవారు. పన్నెండు మీటలంటే మొత్తం 4,096 కోడ్‌లు. వినడానికి పెద్ద అంకే. 2015లో శామీ కమ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు పిల్లల మెసేజింగ్ బొమ్మ ఒకటి తీసుకుని, దాన్ని కాస్త మార్చి, ఇలాంటి మారని కోడ్ ఉన్న తలుపులను పది సెకన్లలోపే తెరవొచ్చని చూపించాడు. మీ మోటారు ఆ రకమైతే ఇంకేమీ ఆలోచించకుండా మార్చండి.

ఇప్పటివి రోలింగ్ కోడ్. బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ వెళ్తుంది, ఒకసారి వాడిన కోడ్‌ను మోటారు మళ్లీ ఒప్పుకోదు. దీన్నీ ఛేదించే తెలివైన పద్ధతులు పరిశోధకులు చూపించారు గానీ, మామూలు దొంగ అంత కష్టపడడు. అతను కారు అద్దం పగలగొట్టి రిమోట్ తీసుకుంటాడు. లేకపోతే తలుపు పై అంచు సందులోంచి వంచిన తీగ దూర్చి ఎర్ర తాడు లాగుతాడు. కాబట్టి రిమోట్‌ను కారులో కనిపించేలా పెట్టకండి, తాడు కొక్కేనికి తీగ అందకుండా చిన్న రేకు అడ్డు పెట్టించుకోండి. గ్యారేజ్ నుంచి ఇంట్లోకి వెళ్లే తలుపుకు రాత్రిపూట తాళం వేయండి.

రేడియో తరంగాల లెక్క దేశానికో రకం. అమెరికాలో ఎక్కువగా 300 నుంచి 390 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 433 లేదా 868. ఒక చోట కొన్న రిమోట్ ఇంకో చోట పనిచేయకపోవడం మామూలే. అన్నట్టు, రిమోట్ దగ్గరికి వస్తే తప్ప పనిచేయడం లేదా? మోటారులో పెట్టిన ఎల్‌ఈడీ బల్బు తీసి చూడండి. కొన్ని చవక బల్బులు రేడియోను పాడుచేస్తాయి.

## ఫోన్‌తో తెరవడం

తలుపు వేశానో లేదో అన్న టెన్షన్‌కు ఫోన్ మంచి మందే. కొరియర్ అబ్బాయికి దూరం నుంచి తెరవొచ్చు, ఎవరు ఎప్పుడు తెరిచారో చూడొచ్చు. కానీ ఈ సౌకర్యం చాలావరకు కంపెనీ సర్వర్ మీద ఆధారపడి ఉంటుంది. అది మీ చేతిలో లేదు. 2023 చివర్లో అమెరికా కంపెనీ చాంబర్లైన్ తన మైక్యూ సేవను తాను ఒప్పుకోని బయటి సాఫ్ట్‌వేర్లు వాడకుండా అడ్డుకుంది. ఇంట్లో అన్నిటినీ ఒకే యాప్‌లో కలుపుకున్నవాళ్లకు గ్యారేజ్ తలుపు ఒక్కటీ విడిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో నెక్స్ అనే కంపెనీ పరికరాలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉందని, దానితో ఎవరి తలుపైనా ఎవరైనా తెరవొచ్చని బయటపడింది.

అందుకని నా సలహా: మోటారును మోటారు గుణం చూసి కొనండి. ఫోన్ సంగతి తర్వాత విడి పరికరంతో కలుపుకోవచ్చు. గోడ బటన్‌కు వెళ్లే రెండు తీగలను కలిపితే చాలు పనిచేసే మోటార్లకు ఇంట్లోని వైఫై మీదే నడిచే చిన్న పరికరాలు దొరుకుతాయి. ఫోన్‌తో మూసేటప్పుడు మోటారు ముందుగా బీప్ కొట్టి, లైటు మినుకుమినుకుమనిపించే మోడల్ అయితేనే దూరం నుంచి మూయండి.

కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే మూసుకునే టైమర్ కూడా చాలావాటిలో ఉంటుంది. మరచిపోయేవారికి బాగుంటుంది. అయితే కారును దూరం నుంచి స్టార్ట్ చేసే అలవాటు ఉన్న ఇంట్లో ఈ రెండూ కలిస్తే ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా తలుపు మూసుకుంటే పొగలోని విషవాయువు గ్యారేజ్ నిండి ఇంట్లోకి పాకుతుంది.

## ఎవరికి ఏది

ఇంటికి ఆనుకున్న గ్యారేజ్, పైన పడకగది, మామూలు పైకప్పు: బ్యాటరీ ఉన్న డీసీ బెల్టు. ఎక్కువమంది ఈ మాట దగ్గర ఆగిపోవచ్చు.

విడిగా కట్టిన గ్యారేజ్, బరువైన తలుపు, ఖర్చు చూసుకోవాలి: చెయిన్. మిగిలిన డబ్బు కొత్త స్ప్రింగుల మీద పెట్టండి.

పైకప్పు ఎత్తు ఎక్కువ, అటక కావాలి, స్ప్రింగు టోర్షన్, తలుపు బ్యాలెన్స్ బాగుంది: గోడ మోటారు. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా మళ్లీ బెల్టు దగ్గరికే రండి.

అద్దె ఇల్లు అయితే లెక్క మారుతుంది. మీరు వెళ్లేటప్పుడు మోటారు విప్పుకుపోవడం కుదరదు. యజమాని ఒప్పుకుంటే చెయిన్ చాలు. లేదంటే ఉన్న మోటారుకే కొత్త రిసీవర్, రోలింగ్ కోడ్ రిమోట్ తగిలించుకోవచ్చు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో మాత్రం ధర పక్కన పెట్టి బ్యాటరీ, పెద్ద బటన్లున్న రిమోట్, మంచి లైటు చూడండి. ఫోన్ యాప్ వాళ్లకు అక్కర్లేదు.

## బిగించేది ఎవరు

రెయిల్ మోటారును కాస్త పనిముట్లు పట్టడం వచ్చినవాళ్లు ఇద్దరు కలిసి ఒక రోజులో బిగించొచ్చు. పల్చటి స్టీలు తలుపైతే పై పలకకు అడ్డంగా ఇనుప పట్టీ బిగించడం మరవద్దు. లేకపోతే మోటారు లాగే చోట రేకు వంగి చిరుగుతుంది. తలుపుకు పాత చేతి గడియ ఉంటే తీసేయండి. గడియ పడి ఉండగా మోటారు లాగితే తలుపుకే నష్టం.

స్ప్రింగు జోలికి మాత్రం వెళ్లకండి. బిగించి ఉన్న టోర్షన్ స్ప్రింగు జారితే ఎముకలు విరుగుతాయి. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగుల లోపల గుండా రక్షణ తీగ లేకపోతే దాన్ని పెట్టించండి, తెగినప్పుడు స్ప్రింగు ఎగిరి పడకుండా ఆపేది అదే.

## పాతదాన్ని బాగు చేయిస్తే సరిపోతుందా

సెన్సర్లు లేని మోటారు, మారని కోడ్ ఉన్న మోటారు అయితే ప్రశ్నే లేదు, మార్చాలి. మిగిలిన వాటికి కొత్తది కొనేముందు ఒకసారి లక్షణం చూడండి. బటన్ నొక్కితే మోటారు గుయ్‌మంటుంది గానీ తిరగడం లేదంటే ఏసీ మోటార్లలో చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, అది చిన్న ఖర్చు. మోటారు తిరుగుతోంది, గొలుసు కదలడం లేదంటే లోపలి నైలాన్ పళ్ల చక్రం అరిగింది. అది కూడా విడిగా దొరుకుతుంది, కానీ ఎందుకు అరిగిందో తెలుసుకోవాలంటే మళ్లీ తలుపు బ్యాలెన్స్ పరీక్ష చేయాలి. తెరుచుకుంటోంది, మూసుకోవడం లేదంటే ముందు సెన్సర్ల అద్దాలు తుడిచి, రెండూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. సాయంత్రం ఒకే సమయానికి ఇలా అవుతుంటే సెన్సర్ మీద ఎండ నేరుగా పడుతోందన్నమాట. పంపేదాన్నీ అందుకునేదాన్నీ ఒకదాని స్థానంలో ఒకటి మార్చి బిగిస్తే సరిపోతుంది.